పేరు లేని ట్యాంకు

కోరుట్ల డయాలసిస్ సెంటర్ ముందున్న బోర్డు చదివేసరికే డిటెక్టివ్ వసంతకు ఒళ్లు మండింది. 'మీరిచ్చిన రూపాయి రూపాయిగానే పేదవాడికి! నిర్వహణ ఖర్చు సున్నా!' అని నిలువెత్తు అక్షరాలు. కింద 'నూటికి నూరు ట్రస్ట్' అని పేరు. గురువారం పొద్దున ఇదే బోర్డు కిందుగా లోపలికి నడిచి వెళ్లిన ఆటో డ్రైవర్ వెంకటి మధ్యాహ్నానికి శవమై బయటికొచ్చాడు. అతనితో పాటు మిషన్ల మీదికి ఎక్కిన మరో ఇద్దరు కరీంనగర్‌లో ఐసీయూలో ఉన్నారు. ఇవాళ శనివారం. బోర్డు మాత్రం ఇంకా తళతళలాడుతూనే ఉంది.

పాపమంతా తీసుకెళ్లి సెంటర్‌లో ఉన్న ఒకే ఒక్క టెక్నీషియన్ అలేఖ్య నెత్తిన పెట్టారు. నీళ్లు పరీక్ష చేయకుండా మిషన్లు నడిపి మనిషిని చంపిందని కేసు. సాయంత్రం ఆమెను కోర్టులో హాజరుపరుస్తారు. రిమాండ్ పడిందంటే జైలు, ఆ తర్వాత ఈ జన్మకు ఏ ఆసుపత్రీ ఆమెను గడప తొక్కనివ్వదు. ఆమె తల్లి మల్లవ్వ కోనరావుపేట నుంచి జగిత్యాల వచ్చి, వసంత ఆఫీసులో నేల మీద కూలబడి, "నా బిడ్డ ఒకల పాణం దీసేది కాదమ్మా" అని ఒక్క మాటే పదిసార్లు చెప్పింది. వసంత ఇరవై ఏళ్లు బీమా కంపెనీలో క్లెయిములు విచారించిన మనిషి. చచ్చినవాళ్ల గురించి బతికున్నవాళ్లు చెప్పే అబద్ధాలు వినీ వినీ ఆమె చెవులు రాటుదేలాయి. మల్లవ్వ మాటలో ఆమెకు అబద్ధం వినపడలేదు.

లోపల సి.ఐ. ఆనంద్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఘటన జరిగిన తీరు చూపించమని అలేఖ్యను స్టేషన్ నుంచి తీసుకొచ్చాడు. ఆమె పక్కన మహిళా కానిస్టేబుల్ నిలబడి ఉంది. నిరుడు మెట్‌పల్లి పసుపు గోదాం కేసులో ఆయన పట్టుకున్న మనిషిని వసంత నిర్దోషిగా విడిపించింది. ఆ మంట ఆయన మీసాల్లో ఇంకా చల్లారలేదు.

"రండి వసంత మేడం. ఈ ట్రస్టు నడిపే హన్మండ్లు సార్ పెద్దమనిషి కాబట్టి, మా దగ్గర దాపరికం లేదు, ఎవరన్నా అచ్చి చూసుకోవచ్చన్నడు. లేకుంటే మిమ్ముల గేటు కాన్నే ఆపుతుంటి" అన్నాడు.

"దాపరికం లేకుంటే మంచిదే సార్. నాకు పని తక్కువైతది" అని వసంత అలేఖ్య ఎదురుగా స్టూలు లాక్కుంది. పిల్లకు పాతికేళ్లుంటాయి. రెండు రాత్రులుగా కన్ను మూసినట్టు లేదు.

"గురువారం ఏమైందో చెప్పు బిడ్డా. నాకేం దాచకు."

"ఆరు గొట్టంగ ముగ్గురిని మిషన్ల మీదికి తీసుకున్న మేడం. బుధవారం సెంటర్ బంద్ ఉండె. వెంకటి కాక మూడు రోజులు ఆగి అచ్చిండు, ఆయాసపడుకుంట. అర్ధగంట కాంగనే కడుపునొప్పి అన్నడు, నడుము పట్టుకున్నడు. పైపు దిక్కు చూస్తే నెత్తురు తేటగైంది, షర్బత్ లెక్క. ముగ్గురికి బంద్ చేసిన. పైపులల్ల పాడైన నెత్తురు గూడ వాపస్ ఎక్కియ్యలే. గానీ కాకకు అప్పటికే..."

"నీళ్లు పరీక్ష చేసినవా?"

"చెయ్యలే."

"ఇన్నరు గదా మేడం!" ఆనంద్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ఇంక మీరు విచారణ చేసేది ఏమున్నది?"

వసంత ఆయన వైపు తిరగలేదు. "ఎందుకు చెయ్యలే?"

"నీళ్లల్ల క్లోరిన్ చూసే పట్టీలు అయిపోయి రెండు నెలలైంది. అడిగినప్పుడల్లా హన్మండ్లు సార్, దాత దొరకంగనే తెప్పిస్త అన్నడు. పట్టీలకు దాత యాడ దొరుకుతడు మేడం? నల్లా నీళ్లల్ల బ్లీచింగ్ కలుపుతరు. తాగితే ఏం గాదు. మిషన్ నీళ్లల్ల వస్తే మాత్రం నెత్తురు కణాలు పగిలిపోతయి. గందుకే ముందుగాల బొగ్గు ట్యాంకు ఉంటది. గా బొగ్గే బ్లీచింగును పీల్చుకుంటది. వానకాలం నీళ్లు ఎర్రగొస్తున్నయని మున్సిపాలిటోళ్లు బ్లీచింగ్ ఎక్కువ ఏస్తున్నరు. బొగ్గు ఉన్నది గదా అని నేను నమ్మకంతోని ఉన్న."

"పరీక్ష లేకుండ ఎందుకు మొదలుపెట్టినవ్ మరి?"

అలేఖ్య తలెత్తింది. "పెట్టకుంటే కాక గదే పొద్దు ఊపిరాడక పోవు మేడం. మీరైతే ఏం చేస్తుంటిరి?"

ఆ ప్రశ్న వసంతకు ఇంకా కోపం తెప్పించింది. ఒక ఆడపిల్లను చావుకూ చావుకూ మధ్య నిలబెట్టి, నువ్వు తప్పు చావును ఎంచుకున్నావని కేసు పెట్టడం ఎక్కడి న్యాయమో ఆమెకు అర్థం కాలేదు.

ఆమె లేచి సెంటరంతా కలియతిరిగింది. మన దగ్గర దానం చేసినవాడి పేరు ఎక్కడ పడితే అక్కడ ఉంటుందని ఎవరికి తెలియదు! గుడిలో ఫ్యాను ఇస్తే మూడు రెక్కల మీదా మూడు ముక్కలుగా రాయిస్తారు. గిర్రున తిరిగే ఫ్యాను మీద పేరు ఎవరు చదువుతారో ఆ దేవుడికే ఎరుక. ఇక్కడా అంతే. నాలుగు మిషన్ల మీదా మస్కట్ మిత్రులు, దోహా అన్నదమ్ములు. గోడ గడియారం మీద ఒకాయన, కూలర్ మీద ఆయన బావమరిది. ఆఖరికి చెత్తబుట్ట మీద కూడా 'కీర్తిశేషురాలు రాజవ్వ జ్ఞాపకార్థం' అని ఎర్ర పెయింటుతో రాసి ఉంది. రాజవ్వ ఎవరో గానీ పాపం, బతికుండగా ఆమెకు ఎవరూ ఇంత అన్యాయం చేసి ఉండరు.

వెనక నీళ్ల గది చీకటిగా ఉంది. స్విచ్ వేస్తే బల్బు వెలగలేదు.

"పదిరోజులైంది మాడిపోయి" అంది అలేఖ్య వెనక నుంచి. "మోటరు స్విచ్ బయటనే ఉన్నది. లోపలికి రావాల్సిన పని పడది."

వసంత టార్చి వేసింది. మోటారు మీద పేరు, శుద్ధి యంత్రం మీద పేరు, ఇనుప స్టాండు కాళ్లకు కూడా పేరు. మూలన మనిషెత్తు నీలం ట్యాంకు. టార్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది. గీతలు పడ్డ నీలం రంగు తప్ప ట్యాంకు మీద ఏమీ లేదు.

చెత్తబుట్టకు పేరున్న చోట ఇంత పెద్ద ట్యాంకుకు పేరు లేకపోవడమేమిటి?

ఆమె వేలి కణుపులతో ట్యాంకును పై నుంచి కిందిదాకా కొట్టుకుంటూ వచ్చింది. ఎక్కడ కొట్టినా ఒకటే డొల్ల మోత. పైపు జాయింట్ల దగ్గర చూసింది. మిగతా జాయింట్లకు చుట్టిన టేపు మురికిపట్టి నల్లబడింది, ఈ ట్యాంకు జాయింట్లకు చుట్టింది మాత్రం మల్లెపువ్వులా ఉంది.

"అలేఖ్యా, దీని మీద పేరుండెనా?"

అలేఖ్య టార్చి వెలుగులోకి వచ్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఉండె మేడం. షార్జా గల్ఫ్ సంఘమని ఎర్ర అక్షరాలుండె. కింద చిన్న పగులొస్తే నేనే ఎం-సీల్ ముద్ద పెట్టిన. ఇది మా ట్యాంకు గాదు!"

"శభాష్!" గుమ్మంలో నిలబడ్డ ఆనంద్ నవ్వాడు. "తాళంచెవి ఎవరి దగ్గరున్నది? నీ దగ్గర. ట్యాంకు ఎవరు అమ్ముకున్నరు? నువ్వు. మేడం, మీకు నేను చాయ తాగిస్త. నా కేసుకు బలం ఇచ్చిండ్రు."

"చాయ తర్వాత తాగుదాం గానీ సార్, ఒక్క సంగతి చెప్పుండ్రి. మీ సర్వీసుల బైకు ఎత్తుకపోయిన దొంగ, దాని జాగల ఇంకో బైకు కొనుక్కొచ్చి పెట్టిపోయిండా ఎప్పుడన్నా?"

ఆనంద్ నవ్వు సగంలో ఆగింది.

"దొంగైతే ఖాళీ చేసి పోతడు. ఇక్కడ ఖాళీ కనవడొద్దని కష్టపడి ఇంకోటి తెచ్చి బిగించిండ్రు. బుధవారం బంద్ ఉన్ననాడు. గురువారం పొద్దుగాల మనిషి సచ్చిండు. ట్యాంకు కనవడుతె చాలు, లోపట ఏమున్నదో పట్టనోళ్లు చేసిన పని ఇది. రెండో తాళంచెవి ఎవరి దగ్గరున్నది బిడ్డా?"

"హన్మండ్లు సార్ దగ్గర" అంది అలేఖ్య మెల్లగా.

"ఏయ్! నోరు మంచిగుండాలె!" ఆనంద్ గొంతు లేచింది. "ఆ మనిషి దుబాయిల సంపాదించింది మొత్తం దీని మీద పెట్టిండు. ఒక్క రూపాయి జీతం తీసుకోడు. కలెక్టర్ చేతుల మీద సన్మానం జరిగింది. ఆయన ట్యాంకు దొంగతనం చేస్తడా?"

వసంత వెనక తలుపు తీసి బయటికి వెళ్లింది. గోడవార గడ్డి మధ్య వాన నీళ్లు నల్లటి చారలు కట్టి ప్రహరీ దాకా పారాయి. చారల మొదట్లో, రేకుల కింద, నల్లటి కుప్ప. ఆమె పిడికెడు తీసి అరచేతిలో పోసుకుంది. మిరియాల కంటే చిన్నవి, అన్నీ ఒకే పరిమాణంలో ఉన్న రవ్వలు.

"ఎవరో పొయ్యిల బొగ్గు పారబోసిండ్రు" అన్నాడు ఆనంద్.

"పొయ్యి బొగ్గైతే బూడిదేది సార్? ఇట్ల జల్లెడ పట్టినట్టు ఉంటదా?"

అలేఖ్య వంగి చూసి గోడ పట్టుకుంది. "గిదే మేడం, మా ట్యాంకు బొగ్గు. మొత్తం పారబోసిండ్రు."

ఆనంద్ వంగి తనూ ఇన్ని రవ్వలు తీసుకుని చూశాడు.

అప్పుడే ముందు గదిలోంచి "అమ్మా, అచ్చిండ్రా?" అని మెత్తటి గొంతు వినిపించింది. ట్రస్టు అధ్యక్షుడు హన్మండ్లు. బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. అరిగిపోయిన చెప్పులు, ఇస్త్రీ లేని తెల్ల చొక్కా, చేతిలో ఇంటి నుంచి తెచ్చుకున్న టీ ఫ్లాస్కు. అరవై ఏళ్ల ఆ మొహంలో దొంగతనం ఆనవాళ్లు వెతికినా దొరకవు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అన్న సామెత వసంతకు గుర్తొచ్చింది గానీ, ఆ సామెత ఈయనకు సరిపోతుందా అని అనుమానమూ కలిగింది.

"సారూ, బుధవారం నాడు మీ నీళ్ల గదిల ట్యాంకు మార్చింది ఎవలు?"

"ఏ ట్యాంకమ్మా?" హన్మండ్లు ఫ్లాస్కు మూత తిప్పుతూ అడిగాడు. మూత తిరగడం లేదు.

"షార్జా గల్ఫ్ సంఘపోళ్లు ఇచ్చిన ట్యాంకు. ఇప్పుడు ఉన్నదానికి పేరు లేదు. మీ ట్రస్టుల పేరు రాయకుండ చెంబు గూడ ఉంచరు గదా!"

"పాతబడ్డదని... రిపేరుకు పంపినట్టున్నరు."

వసంత తన ఫోన్ తీసింది. ట్రస్టు వాట్సాప్ స్టేటస్‌లో పొద్దున పెట్టిన ఫొటోలున్నాయి. సిరిసిల్లలో కొత్త డయాలసిస్ సెంటర్ ప్రారంభం. రిబ్బన్లు, శాలువాలు, కొబ్బరికాయలు. నాలుగో ఫొటోలో పూలదండ వేసిన నీలం ట్యాంకు. దాని మీద 'కువైట్ సోదర బృందం' అని పచ్చి ఆరని పసుపు అక్షరాలు. ఫొటో పెద్దది చేసి ఆమె అలేఖ్య చేతికిచ్చింది.

అలేఖ్య ఒక్క క్షణమే చూసింది. "ఇగో నా ఎం-సీల్. నా బొటనవేలు ముద్ర గూడ ఉన్నది దీని మీద."

ఆనంద్ ఫోన్ లాక్కుని చూశాడు. తర్వాత హన్మండ్లు వైపు చూసిన చూపులో సన్మానం గుర్తు లేదు. "సార్, ఏంది ఇది?"

హన్మండ్లు బెంచీ మీద కూర్చుండిపోయాడు. "నేను అమ్ముకోలే ఆనంద్ సాబ్. దేవుని మీద ఒట్టు. కువైట్ తమ్ముళ్లు సిరిసిల్లకు ట్యాంకు కోసమని పైసలు పంపిండ్రు. ఇక్కడ మూడు నెలల కరెంటు బిల్లు ఆగింది. లైను కట్ చేస్తమన్నరు. కట్ చేస్తే మిషన్లు ఆగుతయి గదా? కరెంటు బిల్లుకు ఎవ్వలియ్యరు. బిల్లు మీద పేరు రాయొస్తదా? గా పైసలు దానికి కట్టిన. ఇప్పుడు వాళ్లు సెలవుల మీద అచ్చి, మా ట్యాంకు చూపియ్యమన్నరు. ఏం జెయ్యాలె? మూతపడ్డ మినరల్ వాటర్ ప్లాంటుల ఒక ఖాళీ ట్యాంకు దొరికింది. గది గీతలువడ్డది, దాతల ముందట పెట్టేటట్టు లేదు. దాన్ని ఇక్కడ పెట్టిచ్చి, ఇక్కడిది రంగేపిచ్చి ఆడికి తోలిచ్చిన."

"బొగ్గెందుకు పారబోసిండ్రు?"

"నిండుగుంటే లేస్తలేదన్నరు కూలీలు. పాత బొగ్గే గదా అనుకున్న. కొత్త బొగ్గుకు ఎవలన్న దాత దొరికితే నింపుదామని..."

"ఈ పిల్లకు ఒక్క మాట చెప్పిండ్రా?"

"చెప్తే... బయటికి పొక్కితే... దాతలకు నమ్మకం పోతదని." ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నా జేబుల ఒక్క పైస ఏసుకోలేదమ్మా. చాయ గూడ ఇంటి నుంచే తెచ్చుకుంట. ఖర్చు సున్నా అని చెప్పినంకనే గదా అందరు ఇచ్చిండ్రు. ఆఫీసు ఖర్చులకు ఇంత తీసుకుంటమంటే, తినేటందుకా అంటరు."

వసంతకు జాలి కలగాల్సింది. కలగలేదు. కోపం తన్నుకొచ్చింది.

"తిన్నా బాగుండు సారూ! దొంగైతే తిన్నంత తిని, దందా నడవాలని బొగ్గన్న ఉంచుతుండె. మీరు ఏం ఉంచలే. పట్టీలు లేవు, బల్బు లేదు, కరెంటుకు పైసలు లేవు, ఉన్న బొగ్గు గడ్డిల పోసిండ్రు. ఇవేవీ ఖర్చు కావు మీ లెక్కల, దండుగ! మిషన్ మాత్రం దానం. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు చేసిండ్రు. నాలుగు మిషన్లు పెట్టినమని చెప్పుకున్నరు గానీ, ఎంతమంది బతికిండ్రని మిమ్ముల ఎవ్వలన్న అడిగిండ్రా? మీరన్న అడుక్కున్నరా? మీ బోర్డు మీది సున్నాను కాపాడను వెంకటి పాణం పెట్టిండ్రు. అది చాలక ఈ పిల్లను జైలుకు తోలుతుంటే ఫ్లాస్కు పట్టుకొని చూడనొచ్చిండ్రు!"

ఆమె కోపం ఒక్క హన్మండ్లు మీదే కాదు. రెక్కల మీద పేరు చూసుకుని మురిసిపోయి, ఆ ఫ్యాను తిరగడానికి కరెంటు కావాలని గుర్తు చేసినవాణ్ణి దొంగలా చూసే పెద్దమనుషులందరి మీదా ఉంది. వాళ్ల మీద ఏ సెక్షన్ కిందా కేసు నడవదు.

ఆనంద్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అలేఖ్య వైపు చూడటానికి ఆయనకు మొహం చెల్లలేదు. ఎవరితోనో కాదు, తనలో తాను అడిగినట్టు అడిగాడు. "ట్యాంకు ఇక్కణ్ణుంచి ఖాళీగ పోయింది. మరి సిరిసిల్లల దాంట్ల ఏం నింపిండ్రు?"

వసంత హన్మండ్లు వైపు గిర్రున తిరిగింది. ఆ ప్రశ్న తను ముందే అడిగి ఉండాల్సింది.

"ఇంకేం నింపలే" అన్నాడు హన్మండ్లు. "ప్రారంభమే గదా ఇయ్యాల."

"మిషన్లు నడుస్తున్నయా?"

"దాతలు చూడాలె గదమ్మా. ఈ కేసుతోని నేను పోలే గానీ, పది గంటలకు ఐదుగురిని ఎక్కిచ్చినమని ఫోన్ చేసిండ్రు."

గోడ గడియారం పదీ ముప్పై ఐదు చూపిస్తోంది. అలేఖ్య ఒక్క ఉదుటున లేచింది. "బంద్ చేయించుండ్రి! మేడం, ఇప్పుడే బంద్ చేయించుండ్రి! ఆడ గూడ నల్లా నీళ్లే!"

సిరిసిల్ల సెంటర్ నంబరు ఆ ఫొటోల్లోని బోర్డు మీదే ఉంది. వసంత తన ఫోన్ వెనక్కి లాక్కుని కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. ఆనంద్ మరోపక్క సిరిసిల్ల టౌన్ స్టేషన్‌కు ఫోన్ చేసి, మనుషుల్ని పరుగెత్తించమని అరుస్తున్నాడు. అక్కడున్న జీపు బందోబస్తుకు పోయిందట, నడిచి పోతే పావుగంటట.

"ఎవలు ఎత్తుతలేరేంది? ఆఫీసుల ఎవలుంటరు?" వసంత హన్మండ్లు భుజం పట్టి కుదిపింది.

"ఎవలుండరు. ఫోన్ ఎత్తేటందుకు జీతగాణ్ణి పెడితే అది ఖర్చు కిందికి అస్తదని..."

"టెక్నీషియన్ ఏడి?"

"దాతలను వేములవాడ దర్శనానికి తోలుకపోయిండు. డ్రైవర్ను పెట్టలే. కారు గూడ ఆయననే నడుపుతడు. ఆయన ఫోన్ ఛార్జింగుకు సెంటర్లనే పెట్టిపోయిండు, అదే ఆఫీసు నంబరు."

వసంత మూడోసారి కొట్టింది. ఈసారి ఎవరో ఎత్తారు. ఒక ముసలి ఆడగొంతు, వెనక మిషన్ల చప్పుడు. స్పీకర్ ఆన్ చేసింది.

"ఎవలు? గీ ఫోన్ ఊకె మోగుతుంటే ఎత్తిన. నేను సత్తవ్వను. మా ఇంటాయనకు మిషన్ పెట్టిండ్రు. ఇక్కడ సార్లు ఎవ్వలు లేరు. మేమే ఉన్నం."

ఆనంద్ వసంత చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. రెండు రోజులుగా తాను హంతకురాలు అని పిలిచిన పిల్లకు రెండు చేతులతో అందించాడు. "మాట్లాడమ్మా" అన్నాడు.

అలేఖ్య ఫోన్ నోటి దగ్గరికి పెట్టుకుంది. "అవ్వా, నేను డయాలసిస్ నర్సును. నువ్వు భయపడకు. నేను చెప్పినట్టు చెయ్యాలె. మీ ఆయన ఎట్లున్నడు?"

"కడుపుల నొస్తుందని మెలికలు తిరుగుతుండు బిడ్డా. పక్కన నలుగురు గూడ మూలుగుతున్నరు." సత్తవ్వ ఊపిరి బరువుగా వినిపించింది. "నాకు సదువు రాదు, ఉన్నదాన్ని ఒక్కదాన్నే. చెప్పు, ముందుగాల ఎవలి మిషన్ బంద్ చెయ్యాలె?"